కర్ర కూసిందంటే రాసుకున్నట్టేనా: ఒక వైర్‌లెస్ రీడర్ కేస్ స్టడీ

నేను చేసేది ఎంబెడెడ్ పని. సర్క్యూట్ బోర్డులు, వాటిలో నడిచే సాఫ్ట్‌వేర్ (ఫర్మ్‌వేర్). మొబైల్ యాప్ రాసేది నా భాగస్వామి. ఈ కేసులో క్లయింట్ పేరు, ఊరు చెప్పను. పాలమూరు వైపు ఒక గొర్రెల ఫారం, చుట్టుపక్కల ఊళ్లలో కొన్ని మందలు, అన్నిటికీ కలిపి ఒక పశువైద్యుడు అనుకుంటే సరిపోతుంది. గొర్రె చెవి ట్యాగు నంబరు చదివి ఫోన్ యాప్‌కు అందించే చేతి రీడర్‌కు మేం పెట్టుకున్న గడువు రెండు నెలలు. ఎనిమిది నెలలు పట్టింది. ఆ ఆరు నెలలు ఎక్కడ పోయాయో చెప్పడానికే ఇది రాస్తున్నాను.

నేపథ్యం

గొర్రెలకు ఏడాదిలో నాలుగైదుసార్లు సామూహికంగా మందు పడుతుంది. నట్టల మందు తాగించాలి, చిటుకు రోగం టీకా వేయాలి, నీలి నాలుక టీకా వేయాలి. ఇనుప గొట్టాలతో కట్టిన ఇరుకు సందులోకి మందను తోలుతారు. ఒకరు డ్రెంచింగ్ గన్‌తో మందు తాగిస్తారు, ఇంకొకరు లెక్క రాస్తారు. ఆ లెక్క ఎప్పుడూ మందకు కలిపే ఉండేది: ఫలానా రోజు ఇన్ని గొర్రెలకు పడింది, అంతే. డాక్టరుగారికి ఒక్కో గొర్రె లెక్క కావాలి. ఒకే మందు పదేపదే పడితే నట్టలు దానికి లొంగడం మానేస్తాయి. ఏ గొర్రెకు ఏ మందు ఎన్నిసార్లు పడిందో తెలియకుండా మందు మార్చడం చీకట్లో రాయి విసరడమేనని ఆయన వాదన.

ఆవులకు, గేదెలకు వేసే 12 అంకెల పసుపు చెవిపోగులు అందరూ చూసే ఉంటారు. వాటి మీద బార్‌కోడ్ ఉంటుంది. గొర్రెలకూ అదే వేసి ఫోన్ కెమెరాతో చదివితే పోదా అని మొదట మమ్మల్నే అడిగారు. ఆవు నిలబడుతుంది, గొర్రె నిలబడదు. పైగా చెవి మీద బురద. ఒక్కో గొర్రె తల పట్టుకుని, పోగు తుడిచి, ఫోన్ ఎదురుగా పెట్టి చదివేలోపు వెనకున్న పది ఒకదాని మీద ఒకటి ఎక్కేస్తాయి.

గిడ్డంగుల్లో వాడే, రేడియో తరంగాలతో చదివే యూహెచ్‌ఎఫ్ ట్యాగులు ఇంకో దారి. మన దేశంలో అవి 865 మెగాహెర్ట్జ్ దగ్గర పనిచేస్తాయి, కొన్ని మీటర్ల దూరం నుంచి చదువుతాయి. మాకు ఆ దూరమే అడ్డం. తడి ఒళ్లు ఆ తరంగాలను మింగేయడం ఒకటి, సందు బయట నిలబడ్డ గొర్రెల ట్యాగులు కూడా చదివేయడం ఇంకొకటి. మాకు కావలసింది 'ఇప్పుడు మందు తాగుతున్న ఈ ఒక్క గొర్రె'. అందుకే జంతువుల గుర్తింపుకోసమే వచ్చిన 134.2 కిలోహెర్ట్జ్ ట్యాగులు, ఐఎస్ఓ 11784, 11785 ప్రమాణాల్లో ఎఫ్‌డీఎక్స్-బీ రకం ఎంచుకున్నాం. చేతి రీడర్‌తో జానెడు దూరానికి మించి చదవవు. ఆ లోపమే మాకు పనికొచ్చింది.

సమస్య ఎలా బయటపడింది

మొదట రీడర్ తయారుచేసే ఉద్దేశమే లేదు. బజారులో దొరికే బ్లూటూత్ స్టిక్ రీడర్ ఒకటి కొన్నాం. అది ఫోన్‌కు కీబోర్డులాగా కనెక్ట్ అవుతుంది. ట్యాగ్ దగ్గరికి తెస్తే బీప్ మంటుంది, 15 అంకెల నంబరు యాప్‌లో తెరిచి ఉన్న గడిలో టైప్ అవుతుంది. యాప్ వైపు పని దాదాపు సున్నా. ఆఫీసులో టేబుల్ మీద 10 ట్యాగులు పరిచి చదివాం, పదికి పదీ వచ్చాయి. ఫారంలో దాన్ని చూసిన రోజునే 'కర్ర' అని పేరు పెట్టేశారు. మేమూ అలాగే పిలవడం మొదలుపెట్టాం.

మొదటి నట్టల మందు రోజు సందు దాటిన గొర్రెలు 312. యాప్‌లో ఉన్నవి 287.

పాతికకు తేడా వచ్చేసరికి నేను రేడియోను అనుమానించాను, భాగస్వామి తన యాప్‌ను అనుమానించాడు. ఎవరి అనుమానం వాళ్లకు ముద్దు. మందలో 40 ఏళ్లుగా ఉన్న కాపరి ఒకాయన మాత్రం రెండూ కాదన్నాడు. "కర్ర కూసింది గద సారు. కూసిందంటే రాసుకున్నట్టే గద. మళ్ల తక్కువెట్లొస్తయి?"

నాకు ఆ మాట అప్పుడు సరిగ్గా ఎక్కలేదు. అయినా దాన్నే పట్టుకుని మర్నాడు ఇంకో మంద దగ్గర ఒక పరీక్ష పెట్టాం. ఒకరు సందు దాటే గొర్రెలను లెక్కపెడతారు, ఇంకొకరు కళ్లు మూసుకుని కూతలను మాత్రమే లెక్కపెడతారు. ఆ రీడర్ ఒకే ట్యాగును వెంటవెంటనే చదివితే రెండోసారి కూయదు, కాబట్టి కూతల లెక్క నమ్మొచ్చు. గొర్రెలు 204, కూతలు 202, యాప్‌లో 188. అంటే రేడియో వదిలేసినవి రెండే. మిగతా 14 కూశాక పోయాయి.

ఈ రెండు లెక్కలను విడదీయకపోయి ఉంటే నేను నెల రోజులు యాంటెన్నా చుట్టూ తిరిగేవాణ్ని.

కూశాక ఎక్కడికి పోతాయి? రెండు రోజుల డేటాను వరసగా కూర్చుని చదివాం. కొన్ని 'గమనిక' గడిలో దొరికాయి: "నీరసంగా ఉంది" అని రాసి ఉన్న చోట, ఆ మాట వెనకే ఎవరిదో 15 అంకెల నంబరు. గమనిక రాయడానికి ఆ గడి ముట్టుకున్నారు, ఈలోపు కర్ర కూసింది, నంబరు అక్కడ పడింది. రెండు నంబర్లు అతుక్కుపోయి 30 అంకెలుగా మారిన వరసలు కొన్ని. ఫోన్ తెర ఆరిపోయినప్పుడు వచ్చినవి, జేబులో ఫోన్ ఉన్న మనిషి అటు తిరిగి కనెక్షన్ తెగినప్పుడు వచ్చినవి ఎక్కడా లేవు. దీనికి తోడు బ్లూటూత్ కీబోర్డు కనెక్ట్ అయి ఉంటే ఫోన్‌లో తెర మీది కీబోర్డు కనబడదు. గమనిక తెలుగులో రాద్దామంటే ముందు కర్రను ఆపాలి.

కీబోర్డు పద్ధతి బిల్లింగ్ కౌంటర్‌కు బాగుంటుంది. అక్కడ మనిషి తెర చూస్తూ చదివిస్తాడు. సందు దగ్గర ఒక చేతిలో కర్ర, ఇంకో చేతిలో గొర్రె మెడ. తెర ఎవరూ చూడరు. ఉన్నదల్లా కూత ఒక్కటే.

ముందు చేసిన రెండు ప్రయత్నాలు

అమ్మినవాళ్లను అడిగాం: కీబోర్డు కాకుండా డేటాను నేరుగా యాప్‌కు పంపే మోడ్ ఇవ్వగలరా అని. పాత బ్లూటూత్ సీరియల్ మోడ్ ఉందన్నారు. ఆండ్రాయిడ్‌లో అది నడుస్తుంది. ఫారం యజమాని చేతిలో ఐఫోన్ ఉంది, అందులో ఆ సీరియల్ మోడ్ వాడాలంటే హార్డ్‌వేర్ యాపిల్ వాళ్లు పరికరాలకు అనుమతినిచ్చే ఎంఎఫ్ఐ కార్యక్రమంలో ఉండాలి. తక్కువ కరెంటుతో నడిచే బ్లూటూత్ రకం, అంటే 'లో-ఎనర్జీ' (బీఎల్ఈ)కి ఆ బెడద లేదు. ఆయన ఒక్కడి ఫోన్ కోసం దారి మార్చాలా అని ఒక సాయంత్రం వాదించుకున్నాం. డబ్బు ఇచ్చేది ఆయనే, మార్చాం.

రెండో ప్రయత్నంలో 134.2 కిలోహెర్ట్జ్ రీడర్ మాడ్యూల్ విడిగా కొని, దాని సీరియల్ ఔట్‌పుట్‌కు రెడీమేడ్ బీఎల్ఈ మాడ్యూల్ తగిలించాం. వచ్చింది వచ్చినట్టు ఫోన్‌కు పంపే రకం. నాకు ఫర్మ్‌వేర్ రాసే పని తప్పుతుందని సంబరపడ్డాను. రీడర్ మాడ్యూల్ పంపే వాక్యం 30 బైట్లు. బీఎల్ఈలో ఏమీ మాట్లాడుకోకపోతే ఒక ప్యాకెట్‌లో పట్టేది 20 బైట్లు (ప్యాకెట్ పరిమితి, అంటే ఎంటీయూ, 23; అందులో 3 హెడర్‌కు పోతాయి). అంటే ప్రతి గొర్రె రెండు ముక్కలుగా వస్తుంది. ముక్కలు అతికించడం పెద్ద పనేం కాదు. కానీ రెండో ముక్క వచ్చేలోపు కనెక్షన్ తెగి, మళ్లీ కలిశాక తర్వాతి గొర్రె మొదటి ముక్క వస్తే? తప్పుల తనిఖీ సంఖ్య (చెక్‌సమ్) తేడా వచ్చి రెండు గొర్రెలూ పోతాయి. ఎంటీయూ పెంచమని యాప్ నుంచి అడిగి చూశాం, ఆ మాడ్యూల్ 23 దాటనివ్వలేదు.

ముక్కల సంగతి ఎలాగో సర్దుకునేవాళ్లమే. అసలు చిక్కు వేరే ఉందని అక్కడ అర్థమైంది: కూత రీడర్ మాడ్యూల్‌ది. అది చదివిన వెంటనే కూస్తుంది. బ్లూటూత్ ఉందా, ఫోన్ విన్నదా, దానికి తెలియదు. కాపరి ఆ కూతకు 'రాసుకున్నాను' అని అర్థం చెప్పుకున్నాడు. యంత్రం దృష్టిలో అది 'చూశాను' మాత్రమే. ఆ మనిషికి అర్థం మార్చి చెప్పాలా, యంత్రం మాట మార్చాలా? 'కూశాక ఒకసారి ఫోన్ కూడా చూడండి' అని శిక్షణ ఇద్దామని నా భాగస్వామి అన్నాడు. రెండు చేతులూ ఖాళీ లేని మనిషికి ఆ శిక్షణ ఎన్నాళ్లు నిలుస్తుంది? యంత్రాన్నే మార్చాలని తేల్చుకున్నాం. ఫర్మ్‌వేర్ రాయక తప్పలేదు.

పనిచేసిన డిజైన్

64 కేబీ ర్యామ్, 512 కేబీ ఫ్లాష్ ఉన్న బీఎల్ఈ మైక్రోకంట్రోలర్ (చిన్న కంప్యూటర్ చిప్) మాడ్యూల్ తీసుకున్నాం. విడి చిప్ కాకుండా, ముందే సర్టిఫై అయిన మాడ్యూల్ ఎంచుకోవడానికి కారణం వైర్‌లెస్ పరికరాలకు ప్రభుత్వం ఇచ్చే అనుమతి (డబ్ల్యూపీసీ ఈటీఏ) కాగితాల పని తేలికవడం. రీడర్ మాడ్యూల్ మీది బజర్ తీగ కత్తిరించి, కూత అధికారం మా ఫర్మ్‌వేర్‌కు ఇచ్చాం.

ట్యాగ్ చదవగానే 16 బైట్ల రికార్డు తయారవుతుంది: ట్యాగ్ నంబరు 8 బైట్లు, వరస సంఖ్య 2, సమయం 4, బ్యాటరీ 1, తప్పుల తనిఖీకి 1. ఇది 20 బైట్లలో పడుతుంది కాబట్టి ఎంత పాత ఫోనైనా ఒకే ముక్కలో అందుకుంటుంది. ఈ రికార్డు ముందు కర్రలోని ఫ్లాష్ మెమరీలో రాయాలి, రాసింది తిరిగి చదివి సరిచూసుకోవాలి, అప్పుడే కూయాలి. ఫోన్ ఉన్నా లేకపోయినా ఇదే క్రమం. 4 కేబీ పేజీలో 256 రికార్డులు పడతాయి. పేజీ చెరపడానికి పదుల మిల్లీసెకన్లు పడుతుంది కాబట్టి ముందు పేజీని ఎప్పుడూ ఖాళీ చేసి ఉంచుతాం. లేకపోతే ప్రతి 256వ గొర్రె దగ్గర కూత ఆలస్యమవుతుంది. కాపరి చెవికి ఆ తేడా తెలుస్తుంది, నా చెవికి తెలియదు.

ఫోన్ కనెక్ట్ అయినప్పుడు యాప్ 'నా దగ్గర ఫలానా సంఖ్య వరకు ఉంది, తర్వాతివి పంపు' అని అడుగుతుంది. వచ్చినవి తన డేటాబేస్‌లో రాసుకున్నాకే రసీదు పంపుతుంది. కర్ర రసీదు అందిన పేజీలను మాత్రమే చెరుపుతుంది. కర్ర తోసే పద్ధతి పోయి యాప్ అడిగే పద్ధతి రావడంతో కనెక్షన్ తెగడమనేది ప్రమాదం కాకుండా పోయింది. మధ్యాహ్నం భోజనాల దగ్గర ఫోన్ కలిపినా పొద్దుటి గొర్రెలన్నీ వరసగా వచ్చేస్తాయి.

సమయం విషయంలో కొంత ఇబ్బంది పడ్డాం. కర్రలో గడియారం చిప్ పెట్టలేదు, ఆన్ చేసినప్పటి నుంచి ఎన్ని సెకన్లో మాత్రమే దానికి తెలుసు. ఫోన్ కలిసినప్పుడు ఆ సెకన్లను అసలు సమయంలోకి మారుస్తుంది. మధ్యలో కర్రను ఆపి ఆన్ చేస్తే లెక్క మళ్లీ సున్నా. ఎన్నోసారి ఆన్ అయిందో ఒక సంఖ్య దాచి సర్దాం గానీ, ఫోన్‌తో కలవకముందే ఆగిపోయిన దఫా రికార్డులకు రోజు తెలుస్తుంది, గంట తెలియదు. చిన్న గడియారం చిప్ (ఆర్‌టీసీ) పెట్టి ఉంటే ఈ తలనొప్పి ఉండేది కాదు. మళ్లీ చేస్తే పెడతాను.

ఒకే గొర్రె వెనక్కి తిరిగి మళ్లీ సందులోకి వస్తే ఏం చేయాలన్నదాని మీద డాక్టరుగారు గట్టిగా పట్టుబట్టారు. రెండోసారి మందు పడకూడదు. కాబట్టి ఆ దఫాలో చదివిన నంబర్లన్నీ కర్ర ర్యామ్‌లోనే ఉంటాయి. 500 గొర్రెలకు 4 కేబీ, అంతే. కొత్త గొర్రెకు ఒక పొడుగు కూత, ఇంతకుముందే వచ్చినదానికి మూడు పొట్టి కూతలు. మంద అరుపుల్లో కూత వినబడదని చిన్న వైబ్రేషన్ మోటారు కూడా పెట్టాం. ఆ మోటారు తిరిగితే పుట్టే విద్యుత్ రొద రీడర్‌ను చెడగొడుతోంది కాబట్టి మోటారు కదిలే క్షణం యాంటెన్నా ఆగుతుంది.

రొద, ఇనుము

రొద మాటొచ్చింది కాబట్టి ఇది చెప్పాలి. బ్యాటరీ ఖర్చు తగ్గిద్దామని మొదట్లో పవర్ బ్యాంకుతో నడిపాం. చదివే దూరం జానెడు నుంచి బెత్తెడుకు పడిపోయింది. యాంటెన్నా కాయిల్ తప్పేమోనని మూడు కాయిళ్లు చుట్టాను. చివరికి పవర్ బ్యాంకు తీసి మామూలు సెల్స్ పెడితే దూరం తిరిగి వచ్చింది. వోల్టేజీ పెంచడానికి పవర్ బ్యాంకులో ఉండే స్విచింగ్ సర్క్యూట్ రొద సరిగ్గా మా ఫ్రీక్వెన్సీ చుట్టూ పడుతోంది. రెండు 18650 రకం లిథియం సెల్స్ వరసగా కలిపి, స్విచింగ్ లేని లీనియర్ రెగ్యులేటర్‌తో 5 వోల్టులకు దించాం. కొంత కరెంటు వేడిగా పోతుంది, పోనీ. చార్జింగ్‌లో ఉండగా కర్ర చదవదు, అది కావాలనే అలా పెట్టాం.

రెండో శత్రువు ఆ సందే. చుట్టూ వెల్డింగ్ చేసిన ఇనుప గొట్టాలు కాయిల్ పక్కన మూసిన చుట్టులా పనిచేసి దాని అయస్కాంత క్షేత్రాన్ని తినేస్తాయి, ట్యూనింగ్ పక్కకు జరిగిపోతుంది. ఫర్మ్‌వేర్‌లో ఏం రాసినా దీనికి మందు లేదు. చదివే చోట మూడడుగుల మేర గొట్టాలు కోసేసి జామాయిల్ కర్రలు కట్టించాం. మొత్తం ప్రాజెక్టులో అతి తక్కువ ఖర్చుతో ఎక్కువ ఫలితం ఇచ్చిన మార్పు అదే. కర్ర బాడీకి మొదట అనుకున్న అల్యూమినియం గొట్టం కూడా ఇదే కారణంతో పక్కనపెట్టి, నీళ్ల పైపుల షాపులో పీవీసీ పైపు కొన్నాం. చూడ్డానికి పొలం పంపు ముక్కలా ఉంటుంది. ఎవరూ దొంగిలించరని యజమాని మెచ్చుకున్నాడు.

నా తప్పు

దీన్ని దాచిపెట్టాలనిపించింది గానీ, ఈ కేసులో ఇంకో ఇంజినీరుకు ఎక్కువ ఉపయోగపడేది ఇదే.

ట్యాగు నంబరులో మొదటి 3 అంకెలు దేశం కోడో, తయారీదారు కోడో అయి ఉంటాయి. మన దేశానికి 356. మా ట్యాగుల్లో 9తో మొదలయ్యే తయారీదారు కోడ్ ఉంది. తర్వాతి 12 అంకెలు లోపల 38 బిట్ల సంఖ్య. మా రీడర్ మాడ్యూల్ దాన్ని తలకిందులుగా, చివరి అంకె ముందు వచ్చేలా పంపుతుంది. అది తిప్పడం గుర్తుంది. తిప్పాక టెస్టింగ్ కోసం సీరియల్ తెర మీద ముద్రిద్దామంటే 64 బిట్ల సంఖ్య స్థానంలో పిచ్చి అక్షరాలు వచ్చాయి. మైక్రోకంట్రోలర్లలో చోటు కలిసిరావడానికి వాడే చిన్న సీ భాష లైబ్రరీల్లో అంత పెద్ద సంఖ్యలు ముద్రించే కోడ్ మామూలుగా ఉండదు. ఆ రాత్రి విసుగొచ్చి సంఖ్యను 32 బిట్లకు కుదించాను. తెర మీద చక్కగా వచ్చింది. అదే కుదించిన విలువను రికార్డులోకీ పంపేశాను.

మా దగ్గరున్న శాంపిల్ ట్యాగులన్నీ చిన్న నంబర్లు, ముందంతా సున్నాలే. 32 బిట్లలో 429 కోట్ల వరకు పడుతుంది, కాబట్టి శాంపిళ్లన్నీ సరిగ్గా వచ్చాయి. పెద్ద ఆర్డరులో వచ్చిన ట్యాగులు 12 అంకెలూ నిండుగా ఉన్నాయి. 38 బిట్లలో 27,487 కోట్ల దాకా వెళ్లొచ్చు. కర్ర కూసింది, రాసింది, పంపింది. అన్నీ తప్పు నంబర్లే. ఒకదానికొకటి వేరుగా ఉండటంతో లెక్క కూడా సరిపోయింది.

పట్టుకున్నది డాక్టరుగారు. ఒక గొర్రె చచ్చిపోతే దాని పోగు కోసి తెచ్చి, మీద ముద్రించిన నంబరుతో యాప్‌లో వెతికారు. దొరకలేదు.

అప్పటికి రెండు మందల డేటా పోగైంది. పోయిన పై 6 బిట్లను తిరిగి కనుక్కోగలమా? ట్యాగుల పెట్టెల మీద మొదటి, చివరి నంబర్లు ముద్రించి ఉన్నాయి. ప్రతి పెట్టె వరస నంబర్లే కాబట్టి, కుదించిన విలువ ఏ పెట్టె పరిధిలోకి వస్తుందో చూసి అసలు నంబరు తిరిగి కట్టగలిగాం. పెట్టెలు పారేయకుండా దాణా కొట్టులో పడేసినందుకు ఆ ఫారం పనివాళ్లకు రుణపడి ఉన్నాను. ఇప్పుడు నా దగ్గర టెస్టింగ్‌కు ఒక ట్యాగుంది, 12 అంకెలూ నిండుగా ఉన్నది. దానితో మొదలుపెట్టకుండా ఏ రీడరూ బయటికి పోదు.

యాప్ వైపు

ఇక్కడ త్వరగా ముగిస్తాను, ఇది నా భాగస్వామి రంగం. ఫీల్డులో అన్నిటికంటే ఎక్కువ ఫోన్ కాల్స్ వచ్చింది 'కర్ర కనబడట్లేదు' అని. ఆండ్రాయిడ్ 12 నుంచి బ్లూటూత్‌కు విడి అనుమతులు వచ్చాయి. అంతకుముందు ఫోన్లలో బ్లూటూత్ పరికరాలు వెతకాలంటే లొకేషన్ అనుమతి ఇవ్వాలి. మందు వేయడానికి నా లొకేషన్ ఎందుకని జనం వద్దు అని నొక్కేవారు, అది న్యాయమే. అనుమతి లేకపోతే ఆ ఫోన్లు వెతుకుతున్నట్టే ఉండి ఏమీ చూపించవు. అనుమతి అడిగే ముందు తెలుగులో రెండు వాక్యాలు రాసి పెట్టాక కాల్స్ తగ్గాయి. ఫోన్ మారితే పాత రికార్డులు మళ్లీ పంపే పరిస్థితి వస్తుంది. సర్వర్‌లో కర్ర సంఖ్య, ఆన్ అయిన దఫా, వరస సంఖ్య మూడూ కలిపి ఒకసారే నమోదయ్యేలా పెట్టడంతో రెండుసార్లు లెక్కపడటం ఆగింది.

ఇప్పుడు

మొన్న చిటుకు రోగం టీకాకు వెళ్లి గట్టు మీద కూర్చుని చూశాను. ఫోన్ డాక్టరుగారి జీపులో ఉంది, దానివైపు ఎవరూ చూడలేదు. నడుమ ఒక గొర్రె దగ్గర కర్ర కూయలేదు. ఆ చెవికి అసలు పోగే లేదు, ముళ్లకంపకు తగులుకుని ఊడిపోయినట్టుంది, చెవి చివర చీలి ఉంది. టీకా సూది పట్టుకున్న కుర్రాడు అలవాటుగా మెడ వంచబోయాడు. కాపరి పెద్దాయన కర్రను అడ్డంగా పెట్టి సందు మూసేశాడు.

"ఆగు బిడ్డా, ఇది కూయలే. ముందు పోగెయ్యి, ఎన్క సూదెయ్యి."